ఒక్క మొలకు ఐదు పేర్లు: మా స్టోర్‌కు కొత్త సిస్టం వచ్చిన ముచ్చట

ఈ పోస్టు కొంచెం పొడుగున్నది. డ్యూటీ దిగి, తిని, పండుకునే ముందు తీరికగా చదువుకోండి.

ఈ మధ్య గల్ఫ్‌లో చాలా కంపెనీల స్టోర్లకు కొత్త సాఫ్ట్‌వేర్ వస్తున్నది. మెటీరియల్ కావాలంటే చీటీ రాసుడు బంద్, ఫోన్‌లో కోడ్ కొట్టు అంటున్నరు. మన పిల్లలు "ఇదేం కొత్త లొల్లి" అని తిట్టుకుంటున్నరు. మా కంపెనీలో ఈ పని మొదలైనప్పటి నుంచి నడిచేదాకా మేము మధ్యలో ఉన్నం. మేము అంటే నలుగురం: ఇద్దరు సూపర్‌వైజర్లు, ఒక ఫోర్‌మన్, ఒక స్టోర్ అసిస్టెంట్. అందరం జగిత్యాల, నిజామాబాద్ దిక్కువాళ్లమే. ఇంటర్ పాసైనోళ్లు మాలో ఎవరూ లేరు. అయినా ఈ పని మేము లేకుంటే కాకపోయేది. ఎందుకో చెప్తం. కంపెనీ పేరు మాత్రం రాయం, ఎవరూ అడగొద్దు.

దీన్ని ఇంగ్లీషులో ప్రొడక్ట్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ సిస్టం అంటరు. ఆఫీసోళ్లు పొట్టిగా పిమ్ అంటరు. పేరు పెద్దది గాని సంగతి చిన్నదే. కంపెనీ కొనే, వాడే, అమ్మే ప్రతి వస్తువుకు ఒకే ఒక్క పేజీ ఉంటది. దాని పేరు, కోడు, కొలత, బరువు, ఫోటో, తయారు చేసిందెవరు, ఏ స్టాండర్డ్‌కు ఒప్పుతది, ఎన్ని నెలలు నిలువ ఉంటది, ఎట్ల పట్టుకోవాలె, టెస్ట్ సర్టిఫికెట్ ఎక్కడున్నది, అన్నీ ఆ పేజీలోనే. కొనేటోళ్లు అయినా, స్టోర్ అయినా, సైట్ అయినా, లెక్కలు గట్టే క్యూఎస్ అయినా ఆ ఒక్క పేజీనే చూడాలె.

మాకు అంతకుముందే ఈఆర్‌పీ ఉండె. మరి ఇంకోటి ఎందుకని మేమే అడిగినం. సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన హైదరాబాద్ పిల్లగాడు మంచిగ చెప్పిండు. "అన్నా, ఈఆర్‌పీకి ఎన్ని ఉన్నయి, ఎంతకు కొన్నం అన్నదే తెలుసు. అది అసలు ఏం వస్తువు అన్నది దానికి తెల్వదు" అన్నడు. ఆ ఒక్క మాటతో మాకు సగం సమజైంది.

మా కంపెనీకి కట్టుడు పని ఒక్కటే కాదు, బిల్డింగ్ మెటీరియల్ అమ్మే దుకాణం కూడ ఉన్నది. షార్జాలో పెద్ద స్టోర్, దుబాయ్‌లో, అబుదాబిలో సైట్లు. దుకాణపోళ్లది ఒక ఎక్సెల్ లిస్టు, కొనేటోళ్లది ఒక లిస్టు, స్టోర్‌ది ఇంకో లిస్టు. ఇవి గాక స్టోర్ కీపర్ చేతిరాత నోట్‌బుక్కులు. ఒక లిస్టుకు ఇంకో లిస్టుకు పొంతన లేదు.

మొల ముచ్చటే తీసుకోండి. మనం మొల అంటం. హిందీవాళ్లకు కీల్, అరబ్బీలో మిస్మార్, మలయాళీలకు, తమిళులకు ఆణి, బెంగాలీలకు పెరేక్. ఒక్క మొలకే ఐదు పేర్లు. ఇసుకను ఒకడు రమల్ అంటడు, ఒకడు రేత్ అంటడు, ఒకడు మణల్ అంటడు. బ్లాకును గల్ఫ్ అంతా తాబూక్ అనే అంటరు, కొత్తగా ఊరి నుంచి వచ్చిన పిల్లగానికి అది తెల్వది. తోపుడు బండి అరబానా. హిందీ కార్పెంటర్లు చిన్న కట్టె ముక్కను గుట్కా అంటరు. ఒక చీటీలో "గుట్కా 50" అని చూసి, ఆఫీసులో కొత్తగా వచ్చిన మేడం, సైట్‌కు పొగాకు అడుగుతున్నరని పైకి కంప్లెయింట్ రాసింది. మేము నవ్వలేక సచ్చినం.

నవ్వొచ్చేవి కొన్నే. ఏడుపొచ్చేవే ఎక్కువ.

మా లిస్టులో "పైపు 4 ఇంచులు" అని ఒక వరస ఉండె. డ్రైనేజీ పైపులు మెట్రిక్ లెక్కలో వస్తే బయటి కొలత 110 ఎంఎం. అదే ఇంచు లెక్కలో వచ్చే 4 ఇంచుల పైపు బయటి కొలత 114.3 ఎంఎం. రెంటినీ నోటితో "నాలుగించుల పైపు" అనే అంటం. పైపు ఒక రకం పోయి సాకెట్లు ఇంకో రకం పోతే ఒకదాంట్లో ఒకటి కూసోవు. లారీ అబుదాబి దాకా పోయి మళ్లీ షార్జా రావాలె. ప్లంబర్లు ఖాళీగా కూసుంటరు. బోల్టులు అంతే. ఎం12 అంటే 12 ఎంఎం, అర ఇంచు అంటే 12.7 ఎంఎం. కంటికి తేడా తెల్వది, నట్టు రెండు చుట్లు తిరిగి పట్టేస్తది.

ఇంకొకటి, "సిమెంట్ 50 కేజీ". చూడటానికి ఏం తప్పు లేదు. కాని మాకు వచ్చేది రెండు రకాలు. మామూలు ఓపీసీ ఒకటి, సల్ఫేట్‌ను తట్టుకునే ఎస్ఆర్‌సీ ఒకటి. ఇక్కడి నేలలో, నేల కింది నీళ్లలో ఉప్పులు ఎక్కువ. సల్ఫేట్ కాంక్రీట్‌ను లోపలి నుంచి తింటది. అందుకే భూమి లోపలి పనికి డ్రాయింగ్‌లో ఎస్ఆర్‌సీ అని రాస్తరు. రెండు బస్తాలూ బూడిద రంగు పొడే. గోడ కట్టినంక ఎవరికీ తెల్వది. కొన్నేండ్లకు పెచ్చులూడినప్పుడు తెలుస్తది, అప్పటికి మనం ఊర్లో ఉంటం. అసొంటి రెండు వస్తువులకు ఒకే వరస ఉండటం అంటే చిన్న ముచ్చట కాదు.

కొలతల లొల్లి వేరే. స్టీలు కొనేది టన్నులలో, సైట్‌కు పంపేది బార్లలో, క్యూఎస్ అడిగేది మీటర్లలో. మన స్టీల్ ఫిక్సర్లందరికీ తెలిసిన లెక్కే: బారు సైజును సైజుతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తది. 12 ఎంఎం బారు మీటరుకు 0.889 కిలోలు. 12 మీటర్ల పొడుగు బారు 10.67 కిలోలు. అంటే టన్నుకు 93, 94 బార్లు. 16 ఎంఎం అయితే టన్నుకు 52, 53 బార్లే. ఈ లెక్క ఫిక్సర్ నోట్లో ఉన్నది గాని కంపెనీ కంప్యూటర్‌లో లేదు. టైల్స్ కూడ అట్లనే. 600 బై 600 టైలు ఒకటి 0.36 చదరపు మీటర్లు, బాక్సుకు నాలుగుంటే 1.44. వంద చదరపు మీటర్లకు 70 బాక్సులు కావాలె, తరుగు వేరే. "టైల్స్ 100" అని చీటీ వస్తే అది వంద టైల్సా, వంద బాక్సులా, వంద మీటర్లా? పెయింట్‌కు గ్యాలన్ అంటరు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, ఇంగ్లండ్ గ్యాలన్ 4.546 లీటర్లు. ఏ గ్యాలనో ఎవరికి ఎరుక.

ఇప్పుడు అసలు సంగతి చెప్తం. మెటీరియల్ తప్పు పోతే ఆ తప్పు ఎవరి మీద పడతది? లిస్టు రాసినోని మీద పడదు, కొన్నోని మీద పడదు. లారీలో ఎక్కించిన హెల్పర్ మీద పడతది, లేకుంటే చీటీ రాసిన చార్జ్‌హ్యాండ్ మీద పడతది. మా దగ్గర ఒక తమ్ముడు టైల్స్ ఎక్కించిండు. కోడు ఒకటే, బాక్సు మీద షేడ్ నంబర్ వేరే. వేసినంక గది మధ్యలో గీత గీసినట్టు రంగు తేడా కొట్టింది. చీటీలో షేడ్ నంబర్ రాసే జాగానే లేదు. అయినా వాని జీతంలోంచి కోసినరు. రూములో ఆ రాత్రి వాడు అన్నం తినలే. ఇంటికి పైసలు తక్కువ పంపితే భార్యకు ఏం చెప్పాలె అన్నదే వాని బాధ. అందుకే ఈ సిస్టం వస్తున్నదని విన్నప్పుడు మేము ఒకటే అనుకున్నం: దీంట్లో ఏం రాస్తరో మనం చూడాలె. రాసే కాడ మనం లేకుంటే, తప్పు మళ్లా మన మీదనే రాస్తరు.

మొదట ఆఫీసోళ్లు ఒక నెలలో అయిపోతదనుకున్నరు. మూడు లిస్టులు కలిపి కంప్యూటర్‌లో పోస్తే ఒకే రకమైన పేర్లు అదే కలుపుకుంటదన్నరు. కలిపింది. 18 ఎంఎం ప్లైవుడ్ ఏడు పేర్లతో ఉంటే ఏడింటినీ ఒక్కటి చేసింది. అప్పుడు మా స్టోర్ కీపర్ తల పట్టుకున్నడు. ఆయన మలయాళీ పెద్దమనిషి, అందరం ఇక్కా అని పిలుస్తం. "ఈ ఏడింట్లో మూడు ఫిల్మ్ ఫేస్ ప్లై, షటరింగ్‌కు. రెండు మెరైన్ ప్లై, రేటు వేరు. ఇంకో రెండు మామూలు ప్లై, తడి తగిలితే ఉబ్బుతది" అన్నడు. అంటే ఏడు పేర్లు, మూడు వస్తువులు. ఈ సంగతి కంప్యూటర్‌కు తెల్వది, ఆఫీసుకు తెల్వది. ఇక్కాకు తెలుసు, షటరింగ్ కొట్టే మన పిల్లలకు తెలుసు. ఆ రోజు నుంచి మమ్మల్ని కూసోబెట్టినరు.

కాని ఇక్కా నోరు విప్పుడు అంత అల్కగ కాలే. మొదటి వారం ఏది అడిగినా "చూసి చెప్త" అనేటోడు. ఒక సాయంత్రం చాయ్ తాగుకుంట మాతోని అన్నడు: "నా తలకాయలో ఉన్నదే నా వీసా. ఇదంతా కంప్యూటర్‌లో పోసినంక నాతో వాళ్లకు ఏం పని?" మాకు ఏం చెప్పాలో తోచలే. నిజమే కదా. ఇరవై ఏండ్లకు పైగా ఏ అలమారలో ఏమున్నదో, ఏ సప్లయర్ మంచి సరుకు చూపించి నాసి సరుకు పంపుతడో, ఏ గమ్ము ఎండకు పాడైతదో ఆయన నేర్చుకున్నడు. దానికి ఎవరూ ఆయనకు జీతం వేరేగా ఇయ్యలే. ఇప్పుడు నెల రోజుల్లో ఊరికెనే రాసిమ్మంటే మనిషికి భయం కాదా?

మేము నలుగురం కలిసి ప్రాజెక్ట్ మేనేజర్ దగ్గరికి పోయినం. గట్టిగా మాట్లాడలే, పద్ధతిగానే అడిగినం. కొత్త వస్తువు సిస్టంలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు చూసి ఒప్పుకోవాలె కదా, ఆ ఒప్పుకునే మనిషి ఇక్కానే ఉండాలె, ఆయన పేరు మీదనే లాగిన్ ఉండాలె అన్నం. సాఫ్ట్‌వేర్ పిల్లగాడు కూడ మా దిక్కే మాట్లాడిండు. ఇసొంటి సిస్టంలో ప్రతి వస్తువుల జాతికి ఒక యజమాని ఉండాలె, లేకుంటే ఆరు నెలల్లో మళ్లా చెత్త అయితదన్నడు. మేనేజర్ మూడు రోజులకు ఒప్పుకున్నడు. ఆ మాట కాగితం మీద వచ్చినంకనే ఇక్కా తన నోట్‌బుక్కులు బయట పెట్టిండు. మూడు నోట్‌బుక్కులు, మలయాళంలో. ఆయన చదువుతుంటే మా స్టోర్ అసిస్టెంట్ తమ్ముడు ఇంగ్లీషులో కొట్టిండు.

ఆ తర్వాత ఇంకో పంచాయితీ. స్టోర్‌లో ఉన్నవన్నీ లెక్కబెట్టి, కొలిచి, ఫోటో దియ్యాలె. అది ఎండకాలం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించొద్దని రూలున్నది, మీకు ఎరుకే. ఆఫీసులో ఒకరు ఏమన్నరంటే, "ఆ టైములో పిల్లలు ఖాళీనే కదా, స్టోర్ షెడ్డు లోపల లెక్కబెట్టమనండి, అది ఎండ కాదు కదా" అన్నరు. రేకుల షెడ్డు, లోపల కొలిమి లెక్క ఉంటది. మేము కాదన్నం. సాయంత్రం చేస్తం, ఓవర్‌టైం కట్టియ్యండి అన్నం. చట్టం ప్రకారం మామూలు ఓవర్‌టైంకు గంటకు పావు వంతు ఎక్కువ రావాలె, రాత్రి 10 నుంచి తెల్లారి 4 మధ్యన అయితే సగం ఎక్కువ. కొన్ని రోజులు నానబెట్టి, చివరికి ఓవర్‌టైం ఇచ్చినరు. సాయంత్రాలు పని చేసినం. ఆ పైసలతో చాలామంది పిల్లలు స్కూలు ఫీజులు పంపినరు.

ఇగ పని ఎట్ల చేసినమో చెప్తం, మీకు అక్కరకొస్తది.

ముందు జాతులు వేరు చేసినం. స్టీలు, సిమెంటు, బ్లాకులు, కట్టె, పైపులు, కరెంటు సామాన్లు, రంగులు, కెమికల్స్, పనిముట్లు, సేఫ్టీ సామాన్లు. ఒక్కో జాతికి ఏమేం తప్పకుండా రాయాలో ముందే తీర్మానం చేసినం. బ్లాకు అయితే పొడుగు, ఎత్తు, మందం, సాలిడా, హాలోనా, మధ్యలో ఇన్సులేషన్ ఉన్నదా. పైపు అయితే బయటి కొలత ఎంఎంలోనే రాయాలె, ఇంచు అని రాస్తే సిస్టం తీసుకోదు. టైలు అయితే షేడ్ నంబర్ లేకుండ స్టోర్‌లోకి ఎక్కదు, బయటకు పోదు. ఆ గడి పెట్టించింది మేమే. జీతం కోత పడ్డ తమ్ముడు ఆ రోజు స్క్రీన్ చూసి ఏం మాట్లాడలే, చాయ్ మాత్రం అందరికీ వాడే తాపిండు.

పేరు రాసే పద్ధతి కూడ ఒక్కటే. ముందు వస్తువు, తర్వాత రకం, తర్వాత సైజు, చివరికి బ్రాండు. "మొల, కాంక్రీట్, 3 ఇంచులు" అన్నట్టు. అసలు పేరు ఇంగ్లీషులోనే పెట్టినరు. దానికి మేము అడ్డం చెప్పలే. కాని పక్కన "వేరే పేర్లు" అని ఒక గడి అడిగి పెట్టించుకున్నం. మిస్మార్, కీల్, ఆణి, పెరేక్, మొల, ఏది కొట్టినా అదే వస్తువు రావాలె. సెలవు రోజు క్యాంపులో గది గదికి తిరిగినం. నేపాలీలను, బెంగాలీలను, పఠాన్లను, తమిళులను అడిగి రాసుకున్నం. ఫోటో చూపించుడు, "దీన్ని ఏమంటవు భాయ్" అనుడు. రెండు వారాలు ఇదే పని. గుట్కా కూడ ఇప్పుడు లిస్టులో పద్ధతిగా ఉన్నది, కట్టె ముక్క ఫోటోతో.

బార్‌కోడ్ గురించి మన పిల్లలకు ఒక తప్పు నమ్మకం ఉన్నది, అది కూడ చెప్తం. దుకాణంలో సరుకు మీద బార్‌కోడ్ కొట్టుడు మొదలైంది 1974 జూన్ 26న, అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊర్లో, ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌తోని. ఇప్పుడు చాలా సరుకుల మీద 13 అంకెలు ఉంటయి. మొదట 890 ఉంటే ఇండియాలో తయారైందని, 629 ఉంటే ఇక్కడ తయారైందని అనుకుంటరు. అది కరెక్టు కాదు. ఆ మూడు అంకెలు ఆ కంపెనీ ఏ దేశపు సంస్థలో నంబర్ తీసుకున్నదో చెప్తయి, సరుకు ఎక్కడ తయారైందో చెప్పవు. అది బాక్సు మీద వేరే చూడాలె. ఇసుక, కంకర, స్టీలుకు ఎట్లాగూ బార్‌కోడ్ ఉండదు. వాటికి మేము సొంత కోడు, క్యూఆర్ స్టిక్కర్ పెట్టినం. స్టీలు కట్టలకు స్టిక్కర్ ఆగది, ఎండకు ఊడుతది. రేకు బిళ్ల మీద కొట్టి తీగతో కట్టినం.

మనకు అన్నిటికంటే అక్కరకొచ్చేది ఇంకొకటున్నది. ప్రతి కెమికల్‌కు సేఫ్టీ డేటా షీట్ అని ఒక కాగితం ఉంటది. ప్రపంచమంతా ఒకే పద్ధతి, 16 భాగాలు. నాలుగోది ఫస్ట్ ఎయిడ్, ఏడోది ఎట్ల పట్టుకోవాలె, ఎక్కడ పెట్టాలె, ఎనిమిదోది గ్లవ్స్, మాస్కు ఏవి వాడాలె. ఇంతకుముందు ఈ కాగితాలు సేఫ్టీ ఆఫీసర్ అలమారలో ఫైలులో ఉండేవి. ఎపాక్సీ కలిపే పిల్లగాని కంట్లో పడితే ఆఫీసు దాకా ఉరికి ఫైలు ఎవరు తీస్తరు? ఇప్పుడు డబ్బా మీది క్యూఆర్‌ను ఫోన్‌తో కొడితే ఆ పేజీ వస్తది. ఆ నాలుగు, ఏడు, ఎనిమిది భాగాల సారాన్ని హిందీలో, మలయాళంలో, బెంగాలీలో, తెలుగులో చిన్నగా రాయించి పెట్టించినం. ఎర్ర అంచు ముక్కు బొమ్మలు తొమ్మిది ఉంటయి, మంట, పుర్రె అట్లాంటివి. వాటి అర్థం కూడ. ఎక్స్‌పైరీ తేదీ దగ్గర పడితే స్టోర్‌కు ముందే ఎర్ర గుర్తు వస్తది.

ఆఫీసులో ఒకాయన, "ఈ కాగితాలు ఎక్కించుడే ఎక్కువ టైం తీసుకుంటున్నది, తర్వాత చూద్దాం" అన్నడు. అప్పుడు మా క్యూఏ ఇంజనీరు ఒప్పుకోలే. 2015 డిసెంబర్ 31 రాత్రి బుర్జ్ ఖలీఫా దగ్గరి హోటల్ టవర్‌కు మంటలు అంటుకున్న వీడియో మనలో చూడనోళ్లు తక్కువ. ఆయన ఇంకోటి చెప్పిండు. లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది సచ్చిపోయినరు. బయటి గోడకు కొట్టిన షీట్లు మంటను పైకి తీసుకపోయినయి. తర్వాత జరిగిన విచారణలో, ఆ షీట్లు, ఇన్సులేషన్ తయారు చేసినోళ్లు మంట గురించి అసలు సంగతి దాచి జనాన్ని తప్పుదారి పట్టించినరని 2024 సెప్టెంబర్‌లో తేల్చినరు. బిల్డింగులో ఏ వస్తువు పెట్టినం, దాని గుణం ఏంది అన్న సమాచారం మొదటి నుంచి చివరిదాకా తెగని దారం లెక్క ఉండాలని ఇంగ్లండ్‌లో 2018లోనే ఒక రిపోర్టు చెప్పింది. "పేజీ ఖాళీగా ఉంటే వస్తువు సైట్‌కు పోదు" అని ఆయన గట్టిగా పట్టుబట్టిండు. మేము చేతులతో బిగించే షీటు గుణం ఏందో మాకు తెలిసే హక్కు ఉన్నదని ఆ రోజు మాకు మొదటిసారి అనిపించింది. అందులో ఎవరో పిల్లలు పండుకుంటరు కదా.

సిస్టం మొదలైన మొదటి వారం మొత్తం ఆగమాగం. నెట్ రాదు, స్కాన్ కాదు, కొందరి ఫోన్లు పాతవి. బేస్‌మెంట్‌లో సిగ్నల్ ఉండదు. మేస్త్రీలు విసిగి మళ్లా వాట్సాప్‌లో ఫోటో పెట్టి "ఇది నాలుగు పంపు" అన్నరు. అందుకే అన్ని సైట్లకు ఒకేసారి పెట్టకుండ, ఒక్క సైట్‌లో రెండు నెలలు నడిపి చూసినరు. అది మంచి పని. అక్కడ బయటపడ్డ తప్పులన్నీ సరి చేసినంకనే మిగతా సైట్లకు పోయింది.

అంతా బంగారమే అని చెప్పం. ఎవడు ఎన్ని గంటలకు ఏం తీసుకున్నడో ఇప్పుడు నిమిషం లెక్కన కనబడతది. గ్లవ్స్ ఎక్కువ సార్లు తీసుకున్న పిల్లగాన్ని ఎందుకని అడుగుతున్నరు. చినిగిపోతే తీసుకోడా మరి? ఇద్దరు డేటా ఎంట్రీ పిల్లలను వేరే సైట్‌కు టైం కీపర్లుగా మార్చినరు, వాళ్లకు అది ఇష్టం లేకుండె. కొన్ని పేజీలకు ఇంకా ఫోటోలు లేవు. అయినా ఒక మాట నిజం. పోయిన ఏడాది ఒక సైట్‌కు తప్పు సాకెట్లు పోయినయి. మళ్లా హెల్పర్‌ను పిలిచి మెమో రాయబోయినరు. సిస్టం తీసి చూస్తే సైట్ అడిగింది 110, స్టోర్ ఇచ్చింది 110, సప్లయర్ బాక్సు మీద 110 రాసి లోపల వేరేవి పెట్టిండు. మెమో చింపేసినరు. సప్లయర్ దగ్గర పైసలు పట్టుకున్నరు. ఆ హెల్పర్‌కు ఇదంతా జరిగిందని కూడ తెల్వదు, మేము చెప్తే తెలిసింది.

మీ కంపెనీలో ఇట్లాంటిది వస్తే మా నుంచి ఈ మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, కంప్యూటర్ అనంగనే దూరం జరగొద్దు. వస్తువు చేతితో పట్టినోనికి తెలిసినంత ఎక్సెల్ షీటుకు తెల్వది.

రెండు, చెప్పే ముందు అడగండి: ఈ పనికి టైం ఎప్పుడు, ఓవర్‌టైం ఉన్నదా, కొత్త వస్తువును ఒప్పుకునే మనిషి ఎవరు. స్టోర్‌లో పాత మనిషి ఉంటే ఆయన పేరే చెప్పండి.

మూడు, మీ సొంత లాగిన్ అడిగి తీసుకోండి. ఇంకొకరి పాస్‌వర్డ్‌తో పని చేయొద్దు, మీ పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇయ్యొద్దు. తప్పు జరిగిన రోజు లెక్క అక్కడే తేలుతది.

నాలుగు, కొలత ఎంఎంలో, బరువు కిలోలలో, రంగులు లీటర్లలో రాయమనండి. ఇంచు, గ్యాలన్, "పెద్దది", "చిన్నది" ఉండొద్దు.

ఐదు, మన భాషల పేర్లు ఎక్కించమనండి. పైసా ఖర్చు లేని పని, సగం తప్పులు అక్కడే ఆగుతయి.

ఆరు, పని అయినంక ఆ పని చేసినట్టు లెటర్ అడగండి. మా స్టోర్ అసిస్టెంట్ తమ్ముడు ఆ లెటర్ చూపించే ఇంకో కంపెనీలో ఐటమ్ లిస్టు చూసుకునే పని సంపాదించుకున్నడు. జీతం పెరిగింది, ఎండలో నిలబడే పని పోయింది. ఇంటర్ ఫెయిలైన పిల్లగాడు.

ఇక్కా ఇంకా మా దగ్గరనే ఉన్నడు. కొత్త వస్తువు వచ్చినప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని పేజీ అంతా చదివి, ఏదో ఒక గడి ఖాళీ ఉన్నదని తిప్పి పంపుతడు. కొనేటోళ్లు ఆయనను చూస్తే భయపడుతున్నరు.

ఇగ మీకు ఒక పని. షటరింగ్ బిగించేటప్పుడు సందులో కొట్టే చీలికకు మాకు ఇప్పటిదాకా ఆరు పేర్లు దొరికినయి. శ్రీకాకుళం, కడప, పాలమూరు దిక్కు మేస్త్రీలు దాన్ని ఏమంటరో కింద రాయండి. మీరు రాసిన పేరు రేపే లిస్టులో ఎక్కిస్తం.